నా పాత నంబర్ ఉన్న ఇల్లు

చిన్నపిల్లల ఫోటో పోటీ అంటూ వచ్చిన లింకును పాపకు పాలిస్తూ నొక్కాను. ఒక చేతిలో పాప తల, ఇంకో చేతిలో ఫోన్. పంపింది కరీంనగర్‌లో నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు. అలాగే అనుకున్నాను. ఆమె సోషల్ మీడియా ఖాతాను అప్పటికే ఎవరో దొంగిలించారని నాకేం తెలుసు? "నీ బిడ్డను కూడా పెట్టు, గెలుస్తది" అని ఉంది. ఏడాది తర్వాత ఆమె నుంచి వచ్చిన మొదటి మాట అది. పాప నవ్వుతున్న ఫోటో ఎంచుకున్నాను. నా ఖాతా పాస్‌వర్డ్ అడిగితే కొట్టాను. గెలిస్తే ఎవరికి చెప్పాలా అని కూడా కాసేపు ఆలోచించాను.

సాయంత్రానికి నా ఖాతా తలుపు నాకే తెరుచుకోలేదు.

మేముండేది శ్రీరాంపూర్‌లో, కార్మికుల క్వార్టర్లలో. మా ఆయన బొగ్గుబాయిలో పనిచేస్తాడు. గనిని ఇక్కడ అందరూ బాయి అనే అంటారు. షిఫ్టు వారం వారం మారుతుంది. ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోతుంటాడు, లేచాక బాయికి పోతాడు. నా కన్నవాళ్లు, అవ్వ, బాపు, కరీంనగర్‌లో ఉంటారు. పాపకు అప్పుడు పది నెలలు. కూరగాయల బండి ఆయనతో తప్ప ఒక్క పూర్తి వాక్యం కూడా మాట్లాడని రోజులు నాకు చాలా ఉన్నాయి. మిగతా మాటలన్నీ పాపతోనే, జవాబు కూడా నేనే చెప్పుకుంటూ.

మరునాడు పొద్దున అవ్వ ఏడుస్తూ ఫోన్ చేసింది.

"పిల్లకు గుండెల రంధ్రమా? నాకెందుకు చెప్పలేవే? కన్నతల్లికి చెప్పవా?"

మా ఆయన ఫోన్‌లో నా పేజీ తెరిచి చూశాను. నా పేరు మీద పాప ఫోటో. ముక్కుకు, నోటికి ప్లాస్టిక్ మాస్కు. కింద నా మాటల్లాగే రాసి ఉంది: నా బిడ్డకు గుండె ఆపరేషన్, ఎవరికి తోచినంత వారు పంపండి.

ఫోటో నిజమైనదే. ఐదో నెలలో పాపకు పిల్లికూతలు వస్తే మంచిర్యాల తీసుకుపోయాం. అక్కడ మందు ఆవిరి పట్టిస్తున్నప్పుడు తీశాను. కొంచెం మసకగా వచ్చింది. ఆ రోజు దాన్ని ఒక్క మనిషికే పంపాను, ఆ స్నేహితురాలికే. 'చాలా భయమైతుందే' అని రాశాను. ఆమె చూసినట్టు టిక్కు గుర్తు వచ్చింది. జవాబు రాలేదు. దొంగ ఆ పాత సందేశాల్లోంచి దాన్ని బయటికి లాగి పెట్టాడు. ఇప్పుడు దాని కింద ఏడుపు బొమ్మలు, దండాలు, 'దేవుడున్నాడు తల్లీ' అన్న మాటలు.

ఆ రోజంతా ఫోన్లే. నా పెళ్లి తర్వాత మాట్లాడని వాళ్లు కూడా అవ్వను అడిగి నా నంబర్ తీసుకున్నారు. స్నేహితురాలు కూడా చేసింది.

"నాకప్పుడే ఫోటో పంపినవ్ గదనే. నేను చూసి, తరవాత రాద్దాంలే అని మర్చిపోయిన. పాపం తగుల్తది నాకు."

"అది అబద్ధమే. బిడ్డ మంచిగనే ఉన్నది. నీ ఖాతా కూడా దొంగలు తీస్కున్నరు, చూస్కో."

"అవునా? అమ్మయ్య!" అంది. ఆ వెంటనే కుక్కర్ విజిల్ వస్తోందని పెట్టేసింది.

పోలీసులకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఖాతా నడిపే కంపెనీకీ రాశాను. మీ ఫిర్యాదు అందింది అన్న మాట తప్ప ఏమీ రాలేదు. నాకు కావలసింది ఒక్కటే, పాప ముఖాన్ని ఆ అబద్ధం మీద నుంచి తీసేయాలి. లేని జబ్బు పేరు అంతమంది నోళ్లలో నానితే ఏమవుతుందోనని చదువుకున్నదాన్నయ్యుండి భయపడ్డాను. పాప నిద్రపోతుంటే గుండె మీద చెవి పెట్టి విన్నాను. వేగంగా కొట్టుకుంటోంది. పిల్లలకు అంతే వేగం ఉంటుందని తెలిసీ మళ్లీ విన్నాను.

ఖాతా తిరిగి తెచ్చుకునే దారి ఒకటి మిగిలింది. ఈమెయిల్‌ను దొంగ మార్చేశాడు. ఫోన్ నంబర్ మాత్రం ఇంకా అలాగే ఉంది. చివరి రెండంకెలు చూపించి, దీనికి కోడ్ పంపమంటారా అని అడుగుతోంది. ఆ అంకెలు గుర్తుపట్టాను. అది నా కాలేజీ రోజుల నంబర్. కడుపుతో ఉన్నప్పుడు మా ఆయన "రెండు సిమ్ములకు రీచార్జ్ దండుగ" అంటే దాన్ని వదిలేశాను. కొన్నాళ్లకు ఆ నంబర్‌ను ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు.

ఆ నంబర్‌కు ఫోన్ చేశాను. ఒక పెద్దావిడ ఎత్తింది.

"ఎవలు?"

పేరు చెప్పాను. వీలైనంత మర్యాదగా, పుస్తకాల భాషలో మొదలుపెట్టాను. "అమ్మా, మీ ఫోన్‌కు ఆరంకెల కోడ్ ఒకటి వస్తుంది. దయచేసి అది నాకు చెప్తారా? ఈ నంబర్ ఇదివరకు నాదండీ."



"వచ్చినవా? అందరికీ చేస్తున్నరు, నాకే చేస్తలేరేందని అనుకుంటున్న. మా మహిళా సంఘంల బ్యాంకు సారు చెప్పిపోయిండు. ఓటీపీ అడిగేటోళ్లు మస్తు మర్యాదగ మాట్లాడ్తరట. నువ్వు గట్లనే మాట్లాడ్తున్నవ్."

"నేను దొంగను కాను పెద్దమ్మా."

"దొంగలు మేం దొంగలమని చెప్పుకుంటరా? పెట్టెయ్ ఫోను."

రెండోసారి చేస్తే కట్ చేసింది. మూడోసారి నేను నోరు తెరిచేలోపే పాప లేచి ఏడుపు అందుకుంది.

"పిల్ల ఏడుస్తున్నది గదా. ముందుగాల ఎత్తుకో" అంది ఆమె. ఎత్తుకున్నాను. ఫోన్ పెట్టేయలేదు. "నీ పేరేందన్నవ్?"

మళ్లీ చెప్పాను.

"ఆగాగు. గీ సూదుల మెసేజ్‌లల్ల వచ్చే పేరు నీదేనా? ఫలానామె బిడ్డకు సూది ఏపియ్యాలె అని ఒకటే వస్తయి. ఏడు నెలల సంది సదువుతున్న."

అప్పుడు గుర్తొచ్చింది. ఆరోగ్య కేంద్రంలో నా పేరు రాయించింది కూడా ఆ పాత నంబర్‌తోనే.

"తొమ్మిది నెలల సూది ఏపిచ్చినవా మరి?" అని అడిగింది.

వేయించలేదు. ముందు పాపకు జలుబు, తర్వాత మా ఆయన షిఫ్టులు, ఆ తర్వాత మరుపు. నాకు గుర్తు చేయాల్సిన మాట ఆమె ఇంటికి పోతోంది.

"ఏపియ్యలే" అన్నాను. నా పుస్తకాల భాష అప్పటికే పోయింది.

"ఏపియ్యలేదా? గింత సదువుకున్నదాని లెక్క మాట్లాడ్తున్నవ్, పిల్ల ఫికర్ లేదా? సరే, ఇను. పేరు ఎవలన్న చెప్తరు, నువ్వే అని నాకెట్ల తెల్వాలె? బుధవారం పిల్లకు సూది ఏపిచ్చి, కార్డు పట్టుకొని మందమర్రి రా. పిల్లను గూడ తే. కార్డు గడిల తారీఖు చూస్త. అప్పుడు చెప్త నీ ఓటీపీ."

మా ఆయన నిద్ర లేచి విని, "ఓటీపీ కోసం మందమర్రి పోతరే ఎవలన్న? నేను మాట్లాడ్త తియ్" అని ఫోన్ అందుకున్నాడు. నిమిషంలో తిరిగిచ్చేశాడు. "పోలీసులకు పట్టిస్తదట. నాకన్న నువ్వే నయమట" అని నవ్వాడు. ఆ రెండు రోజుల్లో మా ఇంట్లో వినిపించిన నవ్వు అదొక్కటే. తర్వాత టిఫిన్ డబ్బా తీసుకుని షిఫ్టుకు వెళ్లిపోయాడు.

బుధవారం సూది వేయించాను. పాప గుక్కపట్టి ఏడ్చి, మంచిర్యాలలో బస్సెక్కే వేళకు నా భుజం మీద నిద్రపోయింది. కండక్టర్ "పిల్ల తల మెల్లగ" అన్నాడు. ఆ మాటకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మందమర్రిలో పాత క్వార్టర్ల వరుస. ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది, మెడలో తాడుకు కళ్లద్దాలు. నన్ను చూడకముందే పాపను అందుకుంది. సూది వేసిన చేయి చూసింది. గోడకు బైబిల్ వాక్యాల క్యాలెండర్, కింద కుట్టు మిషన్. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కార్డు తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, గడి గడి మీద వేలు పెట్టి చదివింది. నేను కూర్చోగానే పంపమన్న కోడ్ అప్పటికే ఆమె ఫోన్‌కు వచ్చి ఉంది. కానీ ఆమె తొందరపడలేదు.

"ఊఁ. ఇయ్యాల్టిదే" అంది చివరికి.

అప్పుడు కోడ్ చదివింది. గడువు దాటిపోయింది. మళ్లీ పంపించాను. ఈసారి ఒక్కో అంకె గట్టిగా, పక్కింటికి వినపడేలా చెప్పింది. ఖాతా తలుపు తెరుచుకుంది. మొట్టమొదట ఆ ఫోటో తీసేశాను.

"పోయిందా?"

"పోయింది పెద్దమ్మా."

"మల్ల రాడు గదా వాడు?"

రాకుండా చేయాల్సినవి అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ చేశాను. నాకు తెలియని ఊళ్లో తెరిచి ఉన్న ఖాతాను మూయించాను. దొంగ పెట్టిన ఈమెయిల్ తీసేశాను. పాత నంబర్ తీసి ఇప్పటిది పెట్టాను. ఎక్కడా వాడని కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. పాస్‌వర్డ్ తెలిసినా రెండో తాళం లేనిదే తెరుచుకోకుండా చేశాను. ఫోన్ పోతే పనికొచ్చే కోడ్‌లు రాసుకోవడానికి కాగితం అడిగితే, క్యాలెండర్‌లో అయిపోయిన నెల చింపి ఇచ్చింది. రాస్తుంటే "నేను చూస్తలేను" అని గోడవైపు తిరిగి కూర్చుంది, ఒళ్లో పాపతో సహా. ఆ కాగితాన్ని సూదుల కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

చాయ్ తాగేటప్పుడు చెప్పింది. "పద్నాలుగు వారాల సూది అని వచ్చినప్పుడు మా చర్చిల ప్రార్థన చేపిచ్చిన. ఎవల పిల్లనో, ఎట్లున్నదో. పేరు చదివితే పాస్టరమ్మ అడిగింది, మీ చుట్టాలా అని."

"ఏమన్నరు మీరు?"

"ఏమంట? అవునన్న."

పాప ఆరోగ్యంగా ఉంది, ఆ పోస్టు దొంగలు పెట్టింది అని ఆ సాయంత్రమే రాశాను. కొందరు బొటనవేలు బొమ్మ పెట్టారు. స్నేహితురాలూ పెట్టింది. ఫోన్లు మరునాటికి సగమయ్యాయి, వారానికి ఆగిపోయాయి. మంచిగున్న పిల్ల గురించి అడగడానికి ఏముంటుంది? పాప నిద్రపోయాక, మా ఆయన రెండో షిఫ్టులో ఉండగా, ఇది రాస్తున్నాను. ఖాతా భద్రంగా ఉంది. కొత్తగా ఎవరూ ఏమీ పంపలేదు.

పోయిన వారం ఆరోగ్య కేంద్రం నర్సమ్మ పాపను తూకం వేస్తూ రిజిస్టర్ తిప్పింది.

"గీ నంబర్ నీది గాదట గదా? ఫోన్ చేస్తే ఎవలో పెద్దామె ఎత్తి, పిల్ల ఎట్లున్నదని నన్నే అడుగుతున్నది. మార్చాలెనా?"

మార్చడమే సరైన పని. అన్నిచోట్లా మార్చాను, అదొక్కటే మిగిలింది.

"ఉండనియ్యండి అక్కా" అన్నాను.

"మరి నీకెట్ల తెలుస్తది?"

తారీఖు నేను రాసుకున్నాను, ఈసారి మర్చిపోను. అదే చెప్పాను. ఆమె భుజాలెగరేసి రిజిస్టర్ మూసింది.

తర్వాతి సూది పదహారో నెలలో, ఆ మెసేజ్ మందమర్రికి పోతుంది. మా ఇంటి క్యాలెండర్‌లో ఆ నెల కాగితం ఇంకా చాలా కింద ఉంది.