తోసేవాళ్ళు అక్కర్లేని కుర్చీ

ఉమాశ్రీకి మూడో ఏట పోలియో వచ్చింది. తెనాలిలో తల్లి పుణ్యవతి ఆమెను చంకనెత్తుకుని బడికి మోసింది. కొంచెం పెద్దయ్యాక కాళ్ళకు ఇనప క్యాలిపర్లు తొడిగి, చంకకర్రలిచ్చి నడక నేర్పింది. కూతురు పడితే లేపేది కాదు. తనంతట తాను లేచేదాకా పక్కనే నిలబడి చూసేది. ఆ పట్టుదల వల్లే ఉమాశ్రీ కాలేజీ చదువు పూర్తిచేసింది, టైపు నేర్చుకుంది. తండ్రి పోయాక తల్లీకూతుళ్ళు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఉన్న ఉమాశ్రీ అన్నయ్య రామ్మోహనరావు దగ్గరికి వచ్చేశారు. ఆయన సచివాలయంలో ఉద్యోగి.

తొంభై తొమ్మిదిలో ఆమెకు మాదాపూర్‌లోని ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. విదేశీ డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటల్ని విని టైపు చేయడం పని. ఆ పని ఆమెకు ఎంతో నచ్చింది. చిక్కల్లా నేలతోనే. కొత్త భవనమంతా నున్నటి గ్రానైట్. చంకకర్ర జారి మొదటి వారంలోనే పడింది. మోచెయ్యి వాచిపోయింది.

మానేయమన్నాడు అన్నయ్య. మాననంది. చక్రాల కుర్చీ కొనుక్కుంటానంది. ఆ మాట వినగానే పుణ్యవతి ముఖం మాడిపోయింది.

"నిన్ను నిలబెట్టడానికి నా వయసంతా పోయిందే. ఇప్పుడు మళ్ళీ కూర్చోబెట్టమంటావా?"

ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే ఆవిడని ఉమాశ్రీ అడిగితే, ఇంట్లో క్యాలిపర్లతో కాసేపు నడుస్తూనే ఉండమనీ, దూరాలకు కుర్చీ వాడుకోమనీ చెప్పింది. తల్లి దానికీ మెత్తబడలేదు.

రోజూ ఆమెను ఆఫీసుకు తీసుకెళ్ళే ఆటో యాదయ్యది. ఆ ఆదివారం అన్నాచెల్లెళ్ళని కోఠీలో సర్జికల్ సామాన్ల దుకాణానికి తీసుకెళ్ళాడు. రామ్మోహనరావు చూడగానే ఒక పెద్ద కుర్చీ దగ్గర ఆగిపోయాడు. మందపాటి దిండు, వెడల్పాటి సీటు, కింద నాలుగు చిన్న చక్రాలు. ఉమాశ్రీ అందులో కూర్చుంది. మెత్తగానే ఉంది కానీ అటూ ఇటూ బోలెడు ఖాళీ. చేతులు చాపితే చక్రాలు అందలేదు.

"దీన్ని ఎవరు తోస్తారన్నయ్యా?"

"మేమెవరో ఒకరం ఉంటాంగా, అమ్మలూ."

"ఆఫీసులో ఎవరుంటారు? మంచినీళ్ళు తాగాలన్నా ఒకర్ని పిలుచుకోవాలి."

చేత్తో పెడల్ తిప్పే మూడు చక్రాల బండి చూపించాడు దుకాణదారు. రోడ్డు మీదయితే హాయిగా పోతుంది కానీ లిఫ్టులో పట్టదు. చివరికి మూలనున్న సన్నపాటి కుర్చీని ఆమే అడిగి తెప్పించుకుంది. వెనక పెద్ద చక్రాలు, వాటి పక్కన చేత్తో పట్టి తిప్పుకునే కడ్డీలు. నడుముకు సరిగ్గా సరిపోయింది. మోచేతులు ఆన్చే పట్టీలు ముందువైపు కురచగా ఉండడంతో టేబులు కిందికి దూరింది. పాదాలు మాత్రం గాల్లో వేలాడుతుంటే దుకాణదారు పానా తెచ్చి, కాళ్ళు పెట్టుకునే రేకులు పైకి బిగించాడు. ఇంట్లో బాత్‌రూము గుమ్మాన్ని ఆమె ముందే టేపుతో కొలుచుకుని వచ్చింది. కుర్చీ అందులో పడుతుంది. దిండు విడిగా తీసుకున్నారు.

యాదయ్య కుర్చీని రెండుసార్లు మడిచి విప్పి చూశాడు. "మంచిగ మడతవడ్తది బిడ్డా. నా సీటెనక పడ్తది, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ఇంటికి తెచ్చాక పుణ్యవతి దాన్ని చూడనట్టే తిరిగింది. ఒక రోజు ఆవిడకు ఒళ్ళు వెచ్చబడి పొద్దున్నే లేవలేకపోయింది. అన్నయ్య పాల కోసం వెళ్ళాడు. ఉమాశ్రీ నిన్నటి పాలు వెచ్చబెట్టి కాఫీ కలిపింది. గ్లాసుని కంచంలో పెట్టి, కంచం ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా చక్రాలు తిప్పుకుంటూ తల్లి మంచం దగ్గరికి వచ్చింది. కాస్త ఒలికింది. పుణ్యవతి లేచి కూర్చుని, గ్లాసునీ కూతుర్నీ మార్చి మార్చి చూసింది. కర్రలతో నడిచినన్నాళ్ళూ ఆ పిల్ల రెండు చేతులూ వాటికే సరిపోయేవి. పుట్టి బుద్ధెరిగాక ఒక గ్లాసు మోసి ఎరగదు.

"పంచదార ఎక్కువేశావే" అంది, కళ్ళు తుడుచుకుంటూ. మొత్తం తాగి, "ఆ దిండుకి నూలు గలేబు కుట్టనా? ఎండాకాలం చెమట పడుతుంది" అని అడిగింది.

ఆఫీసులో మెట్లెక్కే అవసరం లేకుండా, సామాన్లు దింపే వెనకదారి వాలు గుండా వెళ్ళడానికి ఏర్పాటు చేశారు. పైకి ఎక్కేటప్పుడు మొదట్లో భుజాలు నొప్పెట్టేవి, తర్వాత అలవాటయింది. మధ్యాహ్నం పక్క సీటు రసజ్ఞతో కలిసి క్యాంటీనుకు వెళ్ళేది. ఇదివరకు అడుగు ఎక్కడ పడుతుందోనని నేల చూస్తూనే నడిచేది ఉమాశ్రీ. ఇప్పుడు రసజ్ఞ ఏదో చెబుతుంటే ఆమె ముఖంలోకి చూసి నవ్వుతూ, వరండా చివరిదాకా పక్కపక్కనే సాగిపోయేది.