ఆ ఫోను ఎత్తింది నేనే

తాను చెయ్యని తప్పును ఒక మనిషి కన్నకూతురి ముందు ఏళ్ళ తరబడి మోశాడు. ఆ తప్పు నాది. ఒక్క మాట చెబితే ఆయన మీద నుంచి దిగిపోయేది. నేను చెప్పలేదు. ఎందుకు? మొదట్లో భయం. కానీ భయపడాల్సింది ఏమీ మిగలని రోజుల్లో కూడా నోరు విప్పలేదే, దానికేమని పేరు పెట్టాలి? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పుకోవడం కాస్త తేలిక.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బత్తలపల్లె దగ్గర ఒక హైస్కూల్లో పిల్లలకు కంప్యూటర్లు నేర్పేవాణ్ణి. కాంట్రాక్టు ఉద్యోగం. అక్కడి డ్రిల్లు మాస్టరు ఓబులేశన్న, నాకంటే బాగా పెద్ద. గది దొరికేదాకా వాళ్ళింట్లోనే నాకు భోజనం. గుత్తిలో కిరాణా కొట్టు ఇంట్లో వరన్నం తిని పెరిగిన నేను రాగిసంగటి ముందు తంటాలు పడుతుంటే, "అదేం కంప్యూటరు కాదప్పా, కరెంటు కొట్టదులే, తుంచు" అని పగలబడి నవ్వేవాడు. ఆయన కూతురు పుష్ప పదో తరగతి. నా దగ్గర చదివిన పిల్లల్లో అంత చురుకైనదాన్ని మళ్ళీ చూడలేదు.

ఆ ఏడు కంప్యూటరు సర్టిఫికెట్టు పరీక్ష ఆన్‌లైన్లో పెట్టారు. ప్యాసైన పిల్లలకు వేసవిలో అనంతపురంలో ఉచితంగా శిక్షణ, హాస్టలు. పుష్ప అప్పుడే బట్టలు కూడా సర్దుకుంది.

స్కూలుకున్నది ఒక్కటే టెలిఫోను లైను. ల్యాబుకు ఇంటర్నెట్టు దాని మీదే. హెడ్మాస్టరు గదిలో ఎవరైనా రిసీవరు ఎత్తితే చాలు, నెట్టు తెగిపోయేది. అందుకే పరీక్ష జరిగినంతసేపూ ఫోను పక్కన ఒక మనిషిని కాపలా పెట్టేవాళ్ళం. ఆ రోజు ఓబులేశన్న విజిలు మెడలో వేసుకుని కూర్చున్నాడు. "రాసేది నా కూతురప్పా. దీని మీద ఈగను గూడా వాలనీను."

పిల్లలు ఒక్కొక్కరే ముగించి బయటికి వస్తున్నారు. ల్యాబులో హెడ్మాస్టరు ఉన్నాడు. నేను ఓబులేశన్న దగ్గరికి వచ్చాను. బెంగళూరులో ఒక కంపెనీ వాళ్ళు ఆ మధ్యాహ్నంలోగా ఫోను చెయ్యమన్నారు. స్కూలు వదిలిపోతానని తెలిస్తే ఆయన నొచ్చుకుంటాడు, ఆయన ముందు మాట్లాడలేను.

"తల నొస్తాండాదన్నా, ఒక టీ తెస్తావా? ఈడ నేనుంటాలే."

వెంటనే లేచాడు.

పుష్ప ఎప్పుడూ అందరికంటే ముందే ముగిస్తుంది కాబట్టి పరీక్ష అయిపోయి ఉంటుందనుకున్నాను. నిజంగా అప్పుడు అనుకున్నానా, లేక తర్వాత అల్లుకున్నానా? నాలుగడుగులు వేసి ల్యాబులోకి తొంగిచూడొచ్చు. చూడలేదు. రిసీవరు ఎత్తాను. చెవిలో కీచుమని అరుపు. నెట్టు నడుస్తున్న లైనులోనే వినబడే అరుపు అది. గబుక్కున పెట్టేశాను. అప్పటికే తెగిపోయింది.

పుష్ప తన జవాబులు ఇంకోసారి సరిచూసుకుంటోందట. చివరి బటన్ నొక్కలేదు. ఒకసారి తెగిన పరీక్షను మళ్ళీ తెరవరు.

నేను వెనక వరండాలోంచి ల్యాబుకు పరిగెత్తి, అందరితోపాటు ఏమీ తెలియనివాడిలా హెడ్మాస్టరు గదికి వచ్చాను. ఓబులేశన్న టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"ఎవరయ్యా ఫోను ఎత్తింది?" అన్నాడు హెడ్మాస్టరు.

"తెలీదు సార్. నేను లేసి పోయింటి."

"నిన్ను కూచోబెట్టింది దేనికి మరి?"

ఓబులేశన్న తల వంచి గ్లాసు బల్ల మీద పెట్టాడు. నావైపు చూడనైనా లేదు. చూసి ఉంటే నిజం చెప్పేవాణ్ణా? ఏమో.

పుష్ప గ్లాసు వైపు చూసింది. "నీకు టీ తాగేకి ఇదే టైమా నాయనా?"

ఆ వేసవంతా ఆ పిల్ల తండ్రితో మాట్లాడలేదట. నేను బెంగళూరు వెళ్ళిపోయాను. తర్వాత దాని పెళ్ళికి వచ్చాను. భోజనాల దగ్గర నన్ను మొగుడికి చూపించి, "ఈయనే మా కంప్యూటరు సారు. సార్ నేర్పించినాడు, మా నాయన టీ తాగి పోగొట్టినాడు" అంది. అందరూ నవ్వారు. వడ్డిస్తున్న ఓబులేశన్నా నవ్వాడు. నేనూ నవ్వాను. ఫోను ఎత్తినదానికంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ తినేసింది.

మొన్న బత్తలపల్లె వెళ్ళాను. ఓబులేశన్న రిటైరై చాలాకాలమైంది. పుష్ప కూడా పిల్లలతో వచ్చి ఉంది. ఇద్దరినీ కూర్చోమని, అంతా చెప్పాను. పుష్ప తండ్రి వైపు తిరిగింది.

"నీకు తెలుసు గదా నాయనా. ఎందుకు చెప్పలేదు?"

"ఆయప్పది కాంట్రాక్టు ఉద్యోగమమ్మా, నేను చెప్పింటే ఆ పొద్దే తీసేసేవాళ్ళు. నీకు ఆయప్పే చెప్తాడులే అనుకుంటి."

ఇన్నేళ్ళూ ఆయన ఎదురుచూశాడన్నమాట.

"నీ పరీక్ష పోగొట్టింది నేను పుష్పా" అన్నాను. "మీ నాయనను నీ దగ్గర దోషిని చేసిందీ నేనే. తప్పయిపోయింది తల్లీ. అన్నా, తప్పయిపోయింది."