గిన్నెలో పడని రాయి

2008 వేసవిలో నన్ను ఖమ్మంలోని ఒక ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు ఆపరేషన్ థియేటర్‌కు సిస్టర్ ఇన్‌చార్జిగా వేశారు. బడి మొహం చూడకుండా ఇంట్లో నాన్న దగ్గరే చదువుకుని, ప్రైవేటుగా పది పాసై నర్సునైన నాకు అది పెద్ద బాధ్యతే. దేవునికి స్తోత్రం చెప్పుకుని చేరాను.

ఆ నెలలోనే పినపాక అవతలి అడవి పల్లె నుంచి సమ్మక్క వచ్చింది. నాలుక కింద ఉమ్మి వచ్చే సన్నని నాళంలో రాయి. ముద్ద నోట్లో పెట్టగానే దవడ కింది గ్రంథి నిమ్మకాయంత ఉబ్బేది. రెండేళ్లుగా గోడవైపు తిరిగి ఒక్కతే తింటోంది. పెళ్లి బంతుల్లో కూర్చోవడం మానేసింది. అప్పటిదాకా మా దగ్గర ఇలాంటివాటికి మెడ కోసి గ్రంథినే తీసేవారు. హైదరాబాద్‌లో నేర్చుకుని వచ్చిన మా డాక్టరు గారు, ఈసారి నాళంలోకి సన్నని కెమెరా పంపి, తీగల బుట్టతో రాయిని పట్టి లాగుదామన్నారు. మా థియేటర్‌లో అదే మొదటిసారి.

"మెడ కొయ్యరు గద, సిస్టరమ్మా?" అని సమ్మక్క పదిసార్లు అడిగింది. "కొయ్యం," అన్నాను పదిసార్లూ.

మత్తు నాలుక కిందే ఇచ్చాం. మనిషి మెలకువగానే ఉంది. నిమ్మరసం చుక్క వేస్తే ఉమ్మి ఊరి, నాళం మొన కనబడింది. చాలాసేపటికి బుట్టలో రాయి చిక్కింది. "వస్తోంది," అన్నారు డాక్టరు గారు. అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని స్తోత్రం అనుకున్నాను. తెరిచేసరికి బుట్ట ఖాళీ.

"సిస్టర్, రాయి ఏది?"

తీసింది గిన్నెలో పడేదాకా చూపు తిప్పకూడదు. అది నా పని. రాయి గొంతులోకి జారితే ఊపిరి గొట్టంలో పడొచ్చు. "సమ్మక్కా, మింగకు, దగ్గకు," అన్నాను. ఆమె కళ్లు నా మీదే నిలిచాయి. తల పక్కకు వంచాం. ఉమ్మి లాగే సీసా వడగట్టాం; లేదు. ఉమ్మి పీల్చడానికి నోట్లో పెట్టిన గాజుగుడ్డలు తీసి ఒక్కొక్కటే విప్పాను. ఆఖరిదాని మడతలో, బియ్యపు గింజంత పసుపు రాయి.

కళ్లు మూసుకున్నానని డాక్టరు గారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. కెమెరా మళ్లీ పంపి నాళం ఖాళీ అని చూసుకుని, గుడ్డలు లెక్కపెట్టమన్నారు.

మర్నాడు వార్డులో సమ్మక్క నలుగురి మధ్య కూర్చుని పచ్చిపులుసన్నం తిన్నది. దవడ ఉబ్బలేదు. నన్ను చూసి, "మొక్కుడు మంచిదే సిస్టరమ్మా. జర రాయి గిన్నెల బడ్డంక మొక్కరాదు? నువ్వు కండ్లు మూసుడు జూసి నా పానం పోయింది!" అన్నది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, గిన్నెలో టక్కుమన్న చప్పుడు విన్నాకే స్తోత్రం చెప్పాను.