దొర పెట్టిన గుడ్లు

అక్క చివరగా చేసిన పని ఒక కోరపన్నును అరగదీయడం.

ఎవరో పెద్దావిడకు పై వరస కట్టుడుపళ్ల సెట్టు. గులాబీరంగు చిగుళ్లు గట్టిపడ్డాక, కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని, ఎడమవైపు కోర కాస్త పొడుగైందని చిన్న ఆకురాయితో అరగదీసింది. ఉఫ్‌మని పొడి ఊదింది. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచింది. సెట్టును నీళ్ల గిన్నెలో వేసి, మూత పెట్టి, "ఎవరూ ముట్టుకోకండి, రేపొచ్చి ఇంకాస్త తీస్తా" అని ముందుగదిలోకి కేకేసి చెప్పులు వేసుకుంది. బస్సెక్కింది. దిగాల్సిన చోట దిగలేదు. నిద్రపోతోందనుకున్నాడు కండక్టరు.

మర్నాడు ఆ పెద్దావిడ వచ్చి, సెట్టు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, బాగుందని పట్టుకెళ్లిపోయింది. కోరపన్ను గొడవ ఎవరికీ పట్టలేదు.

అక్క పళ్ల డాక్టరు కాదు. పళ్ల డాక్టరుగారి వెనకగదిలో పళ్లు చేసే మనిషి. ముందుగదిలో నోళ్లు తెరుచుకునేవి, వెనకగదిలోకి అచ్చులు వచ్చేవి. ఆ అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్లు దిద్ది, ఒక్కో పన్నూ పేర్చడం ఆమె పని. ఆమె పేర్చిన పళ్లతో నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు "డాక్టరుగారి చెయ్యి మంచిది" అనుకుంటూ వెళ్లేవాళ్లు. అక్కకు అదేమంత బాధగా ఉండేది కాదు. "అన్నీ ఒకే వరసలో ఉంటే కొన్నవని తెలిసిపోతుందే. ఒకటి కాస్త పక్కకి ఒరగాలి. అప్పుడు సొంతవనిపిస్తాయి" అనేది. ఇంట్లో ఎవరైనా పెళ్లి ఊసెత్తితే మటుకు ఒకటే జవాబు. "పొద్దస్తమానం నోళ్లతోనే కాపురం. ఇంటికెళ్లాక ఇంకో నోరా?"

ముగ్గురిలో ఆమె పెద్దది, అన్న నడిమివాడు. ఆఖరిది చిన్నది. తలలో తెల్లవెంట్రుకలు దాచుకునే వయసొచ్చినా ఇంట్లో ఆమె పేరు చిన్నదే. ఆమె వేరే ఊళ్లో, ఒక ఫోను కంపెనీలో, జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం చేసేది. వారమంతా విన్నవి మూటగట్టి, ఆదివారం అక్కకు ఫోను చేసి గుమ్మరించేది. అక్క "ఊఁ", "ఆఁ", "వాడి మొహం" అంటూ వినేది. చివర్లో ఎప్పుడైనా "సరేగానీ, మా దొర ఏం చేశాడో తెలుసా?" అని మొదలుపెట్టేది. అప్పటికి చిన్నది చెవి నొప్పెట్టి, "మళ్లీ చేస్తా అక్కా" అని పెట్టేసేది.

దొర అంటే చిలక. మొదట అది డాక్టరుగారి ముందుగదిలో, కూర్చున్నవాళ్లకు కాలక్షేపంగా ఉండేది. అక్కడే నేర్చుకుంది, "నొప్పి లేదు, నొప్పి లేదు" అనడం. లోపల పళ్లు తొలిచే మర తిరగ్గానే ఇది ఆ మాటే అరిచేది. కుర్చీలో ఉన్నవాళ్లకు ఉన్న ధైర్యం కాస్తా జారిపోయేది. "దీన్ని ఎక్కడైనా వదిలేసి రండి" అన్నారు డాక్టరుగారు. అక్క ఇంటికి తెచ్చుకుంది.

ఇల్లంటే అన్న ఇల్లు. అక్కకు వంటింటి వెనక ఒక చిన్నగది. చిలకను హాల్లో పెడతానంటే అన్న భార్య ఒప్పుకోలేదు. "ఈకలు, పొట్టు, అరుపులు. ఊడ్చేది నేను కాదూ?" అంది. పంజరం చిన్నగదిలోకే చేరింది. ఛాతీ విరుచుకుని నడుస్తుందని అక్కే దానికి దొర అని పేరు పెట్టింది. సాయంత్రం వంట చేసేది కూడా అక్కే. పనిలోంచి పనిలోకి. చిన్నది ఎప్పుడొచ్చినా పొయ్యి ముందు అక్కే కనపడేది. ఆ ఒక్క దృశ్యంతోనే వదిన ఎలాంటిదో చిన్నది తేల్చేసుకుంది. మళ్లీ ఆ ఆలోచన మార్చుకునే అవసరం రాలేదు.

ఒక పొద్దున దొర, అక్క పనికి వేసుకెళ్లే కోటు చేతిలోకి దూరి, ఎంతకీ బయటికి రాలేదు. దులిపి చూస్తే తెల్లటి గుడ్డు.

అన్న నవ్వీ నవ్వీ కూలబడ్డాడు. "ఇన్నాళ్లూ దొరగారూ దొరగారూ అని మొక్కాం కదే! దొరసానమ్మ!"

"నువ్వు మాత్రం పుట్టినప్పుడు ఏమిటో మాకు ఏం తెలుసు?" అంది అక్క. పేరు మార్చలేదు. ఆడదయ్యాక కూడా అది దొరే.

గుడ్డును తీసి పారేసింది. జత లేకుండా పెట్టిన గుడ్డు, పిల్ల అవ్వదు, కుళ్లి కంపు కొడుతుంది అనుకుంది. ఇంకోటి పెట్టింది. అదీ తీసేసింది. ఇల్లు శుభ్రంగా ఉంచుకునేవాళ్లు ఎవరైనా చేసే పనే. కానీ దొర ఆగలేదు. పెడుతూనే ఉంది. కొన్నాళ్లకు పంజరంలోని కొమ్మ మీంచి దబ్బున కిందపడింది. కాళ్లు పట్టు తప్పాయి.

పక్షుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి వచ్చి, ఆ ఆదివారం అక్కే ఫోను చేసింది. చిన్నది ఫిర్యాదులు మొదలుపెట్టకముందే అందుకుంది.

"నేనే చంపుతున్నానటే దీన్ని."

"ఏంటక్కా?"

"గుడ్డు తీసేస్తే, పోయిందనుకుని ఇంకోటి పెడుతుందట. పెంకుకి సున్నం కావాలి కదా, అది తన ఎముకల్లోంచే లాగి పోస్తోందట. అదీ చాలకపోయిన రోజు గుడ్డు లోపలే ఇరుక్కుంటుందట. అంతే ఇంక."

"మరేం చెయ్యాలట?"

"పెట్టినవి తియ్యకూడదు. వాటి మీద కూర్చుని కూర్చుని విసుగొచ్చి అదే మానేస్తుంది. మూలల్లో, చీకట్లో దూరనివ్వకూడదు. పొద్దు వాలగానే పడుకోబెట్టాలి. కాల్షియం చుక్కలు వెయ్యాలి. ఇంకోటుంది, నవ్వకూడదు మరి."

"చెప్పు."

"వీపు నిమరకూడదట. నేను నిమురుతుంటే అది నన్ను మొగుడనుకుంటోందట." అక్క గొంతులో నవ్వుందో ఏముందో చిన్నదానికి అంతుపట్టలేదు. "చూశావా, ఎవరూ వెతక్కుండానే సంబంధం కుదిరిపోయింది నాకు."

చిన్నది పడీపడీ నవ్వింది. తరవాత తన ఫిర్యాదుల్లో పడిపోయింది. రోజంతా ఇతరుల ప్లాస్టర్ నోళ్లు నిమిరే చేతికి, సాయంత్రం వెచ్చగా తగిలేది ఆ వీపొక్కటే అని అప్పుడు తట్టలేదు. అక్క మాత్రం ఆ రోజు నుంచీ దాన్ని వేలితో కూడా రాయలేదు. పంజరం ముందు నిలబడితే చేతులు వెనక్కి కట్టుకునేది. తల మీద గోకమని దొర మెడ వంచితే, "ఊహుఁ, మొగుడు ఊరెళ్లాడు" అనేదట.

నిజం గుడ్లు ఒక్కోసారి పెంకు మెత్తనై చితికిపోయేవి. చితికితే మళ్లీ లెక్క మొదలు. అందుకని అక్క ఒక గుడ్డుకు అచ్చు తీసి, పళ్లకు వాడే గట్టి ప్లాస్టర్‌తో అలాంటివే పోసి, పళ్లు మెరిపించే చక్రం మీద నున్నగా మెరుగుపెట్టింది. పక్కపక్కన పెడితే ఏది ఏదో అన్నకు తెలియలేదు. దొర వాటి మీద కూర్చుంది. కూర్చుని, కూర్చుని, ఒకనాడు లేచి ఈకలు దులుపుకుని వెళ్లిపోయింది. గుడ్లు ఆగాయి. కాళ్లు బలపడ్డాయి. మళ్లీ "నొప్పి లేదు" మొదలుపెట్టింది. డాక్టరమ్మ ఆ గుడ్లు చేతిలోకి తీసుకుని, "ఎక్కడ కొన్నారండీ?" అని అడిగిందట. అక్క జీవితంలో చేసిన పనికి నేరుగా అక్కకే దక్కిన మెచ్చుకోలు బహుశా అదొక్కటే.

అక్క పోయాక, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, అన్న హాల్లో తల గోక్కుంటూ అన్నాడు. "ఆ చిలకని ఏం చేద్దాం? ఎవరికైనా ఇచ్చేద్దామా?"

"ఎవరికో ఎందుకు? నేను తీసుకెళ్తా" అంది చిన్నది. "బతికున్నన్నాళ్లూ అక్కనే ఎవరూ పట్టించుకోలేదు. కనీసం దీన్నైనా బతికించుకుంటా."

అన్న భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "తీసుకెళ్తే తీసుకెళ్లు. దాన్ని ఎలా చూసుకోవాలో నేను..."

"డాక్టరమ్మ చెబుతుంది వదినా. నువ్వు చెప్పక్కర్లేదు."

వదిన నోరు మూసుకుని లోపలికి వెళ్లింది. చిన్నదానికి ఆ మాట అన్నందుకు కడుపు చల్లబడింది. ఎన్నో ఏళ్లుగా దాచుకున్న మాటది. పంజరం, చుక్కల సీసా, బిస్కెట్ల డబ్బాలో ఉన్న ప్లాస్టర్ గుడ్లు తీసుకుని బయల్దేరింది.

తన ఇంట్లో దొరకు హాల్లోనే చోటిచ్చింది, బాగా వెలుతురు పడే వైపు. వదినకు కనపడాలని ఫొటో కూడా పంపింది. డాక్టరమ్మ చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసింది. చుక్కలు వేసింది. మూలలు మూసింది. పొద్దు వాలగానే గుడ్డ కప్పింది. వీపు ముట్టుకోలేదు. ముట్టుకుందామన్నా అది ముట్టుకోనివ్వలేదు. మాట కూడా మాట్లాడలేదు. అప్పుడప్పుడూ మెరుగుపెట్టే చక్రం చప్పుడు మటుకు గొంతుతో చేసేది. సన్నగా, సాగదీసి. ఆ చప్పుడు వినలేక చిన్నది టీవీ పెట్టుకునేది.

కొన్ని వారాలకు దొర గుడ్డు పెట్టింది. చిన్నది తీయలేదు. పక్కన ప్లాస్టర్ గుడ్లు పెట్టింది. డబ్బాలో పొడి పేరుకుందని వాటిని కుళాయి కింద శుభ్రంగా కడిగి మరీ పెట్టింది. దొర వంగి, ముక్కు ఆనించి, ఒక్కొక్కటే పంజరం అంచుకు దొర్లించింది. మళ్లీ పెడితే మళ్లీ దొర్లించింది. తను పెట్టిన నిజం గుడ్డు మెత్తటిది, కాలి కింద చితికిపోయింది. ఇంకోటి పెట్టింది. అదీ చితికింది.

"తీసుకోవే, మీ ఆయన చేసినవే ఇవి" అని బతిమాలింది చిన్నది. దొర అటు తిరిగి కూర్చుంది.

ఒక ఉదయం గుడ్డ తీసేసరికి దొర పంజరం అడుగున ఉంది. ఈకలన్నీ ఉబ్బి, తోక పైకీ కిందికీ ఊగుతూ, కళ్లు సగం మూసి. పొట్ట గట్టిగా ఉంది. చిన్నది సెలవు కూడా చెప్పకుండా పనిమాని, పంజరం ఒళ్లో పెట్టుకుని, ఊళ్లు దాటి ఆ డాక్టరమ్మ దగ్గరికే పరిగెత్తింది. వెచ్చటి డబ్బాలో పెట్టారు, సూది వేశారు, నూనె రాశారు. గుడ్డు కదల్లేదు. మధ్యాహ్నానికి తోక ఊగడం ఆగింది.

"ప్లాస్టర్‌వి పెట్టలేదా?" అడిగింది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ.

"పెట్టా. తోసేసింది."

"మీ అక్కగారు పెడితే కూర్చునేదే!"

అదే మాట పట్టుకుంది చిన్నది. అక్క చెయ్యి కాదు కాబట్టి వద్దంది. బెంగపెట్టుకుని పోయింది. మనుషులకు లేని విశ్వాసం పిట్టకు ఉంది. ఆఫీసులో అదే చెప్పింది. అన్నకు ఫోను చేసి, వదినకు వినపడేలా, గట్టిగా అదే చెప్పింది. చెప్పిన కొద్దీ అది నిజమవుతూ వచ్చింది. నిజమైన కొద్దీ కాస్త నిద్రపట్టింది.

తరవాత ఎప్పుడో చిన్నగది ఖాళీ చెయ్యాలని అన్న కబురుపెడితే వెళ్లింది. అక్క బట్టలు ఇద్దరు ఆడవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని మడతపెట్టారు. అక్క కోటు వదిన చేతికొచ్చింది. దాన్ని మడవకుండా ఒళ్లో పెట్టుకుంది.

"నేనొకటి అడుగుతా, ఏమీ అనుకోకు. ఆ ఉత్తుత్తి గుడ్లు నువ్వెలా పెట్టావు?"

"ఎలా ఏంటి? కడిగి పెట్టా."

వదిన ఒళ్లోని కోటును అరచేత్తో సాపుచేసింది.

"మొదట్లో మీ అక్క పెట్టినా తోసేసేది. ఒక సాయంత్రం చూస్తే, ఒంటిచేత్తో వంట చేస్తోంది. రెండో చెయ్యి ఒంటికి అతుక్కుపోయి ఉంది. గిన్నె దింపాలన్నా నన్నే పిలిచేది. నాతో పని చేయించడానికి కొత్త నాటకం అనుకున్నా. ఉండబట్టలేక అడిగేశా. 'చంకలో గుడ్డుంది, కదిలించకు, చల్లగా ఉంటే అది మొహం చూడదు' అంది."

"నాకు చెప్పలేదే."

"ఆదివారం ఫోనులో చెప్పాలనుకుంటూనే ఉండేది" అంది వదిన. "అది వెచ్చబడేదాకా గరిటె తిప్పింది నేనే."