జిరాక్స్ మిషన్ మింగిన సర్టిఫికెట్లు

నా చిన్నప్పుడంటే మరీ పలక పట్టిన వయసేం కాదు. ఇంటర్ పాసై, ఎంసెట్ ర్యాంకు చేతికొచ్చిన రోజులు. అయినా చిన్నతనమే అనాలి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడిన ప్రతివాడూ గొప్పవాడే అనుకునే బుద్ధిని ఇంకేమంటారు?

మాది కొండకర్ల దగ్గర పల్లె. మా నాన్న చెరకు పండించేవాడు. ఆ ఏడు మా ఊళ్లో ర్యాంకు వచ్చింది నాకొక్కదానికే. అది తెలిసి, అనకాపల్లిలో నాకు లెక్కలు చెప్పిన సార్ ఒక పొద్దున తెల్ల కారులో మా వాకిట్లో దిగాడు. పాఠాలతో పాటు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీకి పిల్లల్ని పోగుచేసే పని కూడా ఆయన చేస్తాడని మాకు తెలియదు. మంచం మీద కూర్చుని, రంగుల పుస్తకం తెరిచి, అద్దాల మేడా దాని ముందు ఫౌంటెనూ చూపించాడు. మా నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మ ఇచ్చిన మజ్జిగ ఒక గుక్క తాగి పక్కన పెట్టేసి, "మీకివన్నీ ఏం తెలుస్తాయిలే. ఒరిజినల్ సర్టిఫికెట్లు నాకిచ్చేయండి. రేపు కౌన్సెలింగుకి మా వ్యాన్‌లో తీసుకెళ్లి నేనే సీటిప్పిస్తా" అన్నాడు.

నాకు ఆయన మీద కోపం రాలేదు. మా నాన్న పంచె మోకాళ్ల పైకి ఉన్నందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

నాన్న ఒక్కటే అడిగాడు, ముందు నకళ్లు తీయించి ఆనక ఇస్తామని. సార్ విసుక్కుంటూనే నన్ను కారెక్కించుకుని అనకాపల్లి తీసుకెళ్లాడు.

బస్టాండు పక్కన జిరాక్స్ షాపులో మా పక్కింటి అక్క పనిచేసేది. నాకన్నా రెండేళ్లు పెద్ద. ఇంజనీరింగులో చేరి ఏడాది తిరక్కుండా మానేసి వచ్చింది. చదువు తలకెక్కని మనిషని ఊరంతా అనుకునేది, నేనూ అనుకునేదాన్ని. రోజూ ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. ఆమె పక్కన సీటు ఖాళీగా ఉన్నా నిలబడేదాన్ని తప్ప కూర్చునేదాన్ని కాదు.

అక్క నా కాగితాలు అందుకుంది. బయట సెల్‌ఫోన్లో మాట్లాడుతున్న సార్‌ని ఒకసారి చూసి లోపలికి వెళ్లింది. కాసేపటికి మిషన్ ఆగిపోయింది, ఆ వెంటనే అక్క కేక.

"సార్, కొంప మునిగిపోనాది! కాయితాలన్నీ ఒకదాని ఎనక ఒకటి మిసన్లోకి లాగేసుకుంది. రేపు సాయంకాలం మెకానిక్ వచ్చి ఇప్పితే గాని రావు."

నాకు ఏడుపొచ్చేసింది. సార్ దద్దమ్మ, గాడిద అని పదిమందిలో తిట్టాడు. అక్క తల వంచుకోలేదు. అన్నీ విని, "నన్ను గుర్తుపట్టేరా సార్?" అని మెల్లగా అడిగింది. ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఏమీ గుర్తు రాలేదు. నా వైపు తిరిగి, "సాయంకాలమైతే నీ సీటు గోవిందా. నీ ఖర్మ" అన్నాడు. ఇంకో ఊళ్లో ఇంకెవరినో పట్టుకోవాలట, కారెక్కి పోయాడు. నన్ను ఇంటికి చేర్చాలన్న ధ్యాస కూడా లేదు.

కారు మలుపు తిరిగాక అక్క బల్ల సొరుగులోంచి నా సర్టిఫికెట్లు తీసింది. ఒక్క మడత పడలేదు. జిరాక్స్ తీసేటప్పుడు అసలు కాగితం అద్దం మీదే ఉంటుంది, లోపలికి వెళ్లేది తెల్ల కాగితమే. అది నాకు తట్టలేదు సరే. బోర్డు నిండా కాలిక్యులస్ గీసే ఆ మహానుభావుడికీ తట్టలేదు!

"నాయి ఈయన పట్టుకెళ్లి రెండేళ్లయ్యింది" అంది అక్క. వ్యాన్‌లో తీసుకెళ్లి, తను చెప్పిన కాలేజీయే రాయించాడట. ఫౌంటెన్ పుస్తకంలోనే ఉంది. ల్యాబులో పరికరాల్లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. మానేస్తాను, సర్టిఫికెట్లు ఇవ్వమంటే రేపు రా, ఎల్లుండి రా అని తిప్పారు. అవి ఇంకా అక్కడే ఉన్నాయి.

మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు నా పక్కన కూకుంటే కదే, సెప్పడానికి."

నవ్వుతూనే అంది. నేను తలెత్తలేకపోయాను.

మర్నాడు తెల్లవారుతూనే నేనూ నాన్నా బస్సెక్కి విశాఖపట్నం వెళ్లాం. కౌన్సెలింగ్ హాలు గేటు దగ్గర సార్ ఉన్నాడు. పిల్లలందరి సర్టిఫికెట్లూ ఆయన సంచిలో, పిల్లలు ఆయన వెనక. నన్ను చూసి తెల్లబోయి, అంతలోనే పళ్లికిలించి, కాగితాల కోసం చెయ్యి చాపాడు.

"మా పిల్ల కాయితాలు మా పిల్ల దగ్గరే ఉంటాయి బాబూ" అన్నాడు నాన్న. గట్టిగా కూడా అనలేదు. ఆ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి జేబులోకి పోయింది.

నాకు ప్రభుత్వ కాలేజీలో సివిల్ సీటు వచ్చింది. అక్క సర్టిఫికెట్లు ఎప్పటికీ రాలేదు. చివరికి బోర్డుకి దరఖాస్తు పెట్టుకుని డూప్లికేట్లు తెచ్చుకుంది, ప్రైవేటుగా బి.ఏ. కట్టింది. ఆ ఫారాలన్నీ ఆమె పక్కన కూర్చుని నింపింది నేనే.

ఇప్పుడు నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాను. జుట్టు నెరుస్తోంది. రిజల్టులు రాగానే అలాంటివాళ్లు నా గదికీ వస్తారు, నా పిల్లల ఫోన్ నంబర్లు కావాలంటారు. చొక్కాలు మారాయి గానీ ఆ ఇకిలింపు మారలేదు. నేను కూర్చోమనను. కిందటేడు మీరు తీసుకెళ్లిన పిల్లల్లో ఒక్కరి పేరు చెప్పండి అంటాను.

ఇంతవరకు ఒక్కడూ చెప్పలేదు.