నడుమునొప్పి అనే మాట

మొన్న సోమవారం మా ఆరోగ్య కేంద్రానికి కొత్తగా ఒక మగ నర్సు వచ్చాడు. రెండు బల్లల ముందు రెండు వరుసలు ఉండాల్సింది, అతన్ని చూడగానే ఆడవాళ్లు ఒక్కొక్కరే మెల్లగా జరిగి నా వరుసలోకి వచ్చేశారు. నా వరుస వరండా దాటి చేతిపంపు దాకా పోయింది, అతను ఖాళీ బల్ల ముందు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా నేను తల ఎత్తలేదు. ఇంటికొచ్చి కాళ్లు చాపుకొని, నర్సు ఉద్యోగంలో చేరిన ఏడాది డైరీ తీశాను. మనుషులతో మాట్లాడడం చేతకాక చెప్పాల్సినవన్నీ ఆ రోజుల్లో దానికే చెప్పుకునేదాన్ని. నాలాగే పుస్తకం చాటున పెరిగిన నా ఈడు వాళ్లకు ఆ అలవాటు తెలిసే ఉంటుంది.

నా మొదటి ఉద్యోగం మంథని అవతల ఒక ఊళ్లో. అక్కడ నాకంటే ముందు నుంచీ ఉన్న నర్సు మగవాడు, ఆసిఫాబాద్ వైపు మనిషి, నన్ను చెల్లె అని పిలిచేవాడు కాబట్టి నాకు అన్నే. నర్సంటే సిస్టరే అని అలవాటైన ఊరు ఆయన్ని సిస్టర్ సారు చేసింది. ఆయన కూడా మీసం దువ్వుకుంటూ పలికేవాడు.

ఊళ్లో ఆడవాళ్లు పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్లు. మగమనిషి ముందు నోట రాని జబ్బు ఏదైనా, నెలసరిదైనా గర్భసంచిదైనా, దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఒక్కటే, నడుమునొప్పి. అసలు సంగతి నా చెవిలో వేసి, ఆయనతో మాత్రం నడుమునొప్పి అనేవాళ్లు, తర్వాత నేను చెబుతానన్న నమ్మకంతో. అన్న బయటి ఊరివాడు, వంగి పని చేసేవాళ్లకు నడుము నొయ్యక ఏం చేస్తుందనుకొని నొప్పి బిళ్లలు ఇచ్చి పంపేవాడు. చెప్పాల్సింది నేను. ఎలా చెప్పాలో డైరీలో మంచి మంచి వాక్యాలు రాసుకునేదాన్ని, పొద్దున ఆయన ఎదురుపడగానే అవన్నీ డైరీలోనే ఉండిపోయేవి.

ఆ రోజుల్లోనే ఒక అత్త తన కోడలిని తీసుకొచ్చింది. కొడుకు దుబాయిలో ఉన్నాడు. రెండు నెలలుగా రక్తం ఆగడం లేదని కోడలు నా చెవిలో చెప్పింది, నేను రిజిస్టర్‌లో నడుమునొప్పి అని రాశాను. మరుసటి వారం మళ్లీ వచ్చారు, మళ్లీ అదే రాశాను. మూడో వారం ఆ పిల్ల దర్వాజా పట్టుకొని నిలబడిపోయింది. అన్న లేచి వెళ్లి ఆమె కంటి కింది రెప్ప లాగి చూశాడు. లోపల ఎరుపన్నదే లేదు.

"చెల్లె, గీ నడుమునొప్పి ఏందో నీకెర్కనా?"

అసలు సంగతి చీటీ వెనక రాసి ఇచ్చాను. ఆయన చదివి నావైపు చూడకుండానే మెల్లగా అన్నాడు.

"గీ ఒక్క ముక్క రాసెటందుకు మూడు వారాలా?"

అంబులెన్స్ వేరే ఊరికి పోయిందన్నారు. పక్కింటి ఆటో పిలిస్తే అత్త అడ్డం నిలబడింది.

"నా కొడుకు ఈడ లేడు. మీసాల సిస్టర్ ఎంబడి కోడల్ని తోలిన్నంటె రేపు నలుగురు ఏమంటరు?"

"నలుగురు రక్తమియ్యరు అవ్వా. నువ్వు ఆమె పక్కన కూసో. నేను డ్రైవర్ పక్కన కూసుంట, ఎనుకకు సూడ."

ఇచ్చిన మాట ప్రకారం మంథని దాకా ఆయన వెనక్కి తిరగలేదు. రోడ్డు వైపే చూస్తూ, ఎన్నాళ్లనుంచి, పొద్దుటి నుంచి ఎన్ని బట్టలు మార్చింది, గడ్డలు పడుతున్నాయా అని గట్టిగా అడుగుతూనే ఉన్నాడు. కోడలు ఇటు పక్కన కూర్చున్న నా భుజం మీద వాలి గొణిగేది, ఆటో చప్పుడులో అది ఆయనకు వినపడాలంటే నేను అరవాల్సిందే. అరిచాను. డ్రైవర్ వింటుండగా, అత్త మొహం కొంగుతో కప్పుకుంటుండగా, అంతవరకు డైరీలో కూడా రాయని మాటలన్నీ అరిచాను. ఆమె జవాబు ఆగిపోతుందేమోనన్న భయం ముందు సిగ్గు ఎటుపోయిందో తెలియలేదు.

మంథనిలో సెలైన్ పెట్టి కరీంనగర్ పంపారు, అక్కడ రక్తం ఎక్కించారు. ఆ పిల్ల బతికింది. నెల తర్వాత వచ్చినప్పుడు అత్త కోడలిని నా దగ్గరికి కాక తిన్నగా అన్న బల్ల ముందుకే తీసుకుపోయి కూర్చోబెట్టింది. అన్న తన కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆయన వీపుతో మాట్లాడడం మొదలుపెట్టారు. నవ్వేవాళ్లు కూడా. ఏడాది తిరగకుండానే ఆయన్ని ఆదిలాబాద్ వైపు బదిలీ చేశారు.

ఇప్పుడు ఆ మాటలన్నీ రోజుకు ఎన్నిసార్లు పలుకుతానో లెక్క లేదు. అడుగుతాను, ట్యాబ్‌లో నొక్కుతాను, తర్వాతి వాళ్లను రమ్మంటాను. ఆడవాళ్లు కూడా కనీసం నా దగ్గర దాచడం మానేశారు. అది మంచిదే, దానికోసమే కదా అంత అవస్థ పడ్డాం. కానీ సిగ్గుపడే మనిషి మాట కోసం ఎదురుచూసే ఓపిక నాలో ఎప్పుడు అరిగిపోయిందో గమనించుకోలేదు. నిన్న ఒకామె తన బాధంతా సూటిగా, ఒక్క ముక్క దాచకుండా చెప్పి వెళ్లింది. ఆమె చెప్పిన ప్రతి వివరం ట్యాబ్‌లో ఉంది. మొహం ఎలా ఉందో గుర్తు తెచ్చుకుందామని ఇందాకటి నుంచి చూస్తున్నాను, రావడం లేదు.