మోతీ కాలూ సేటు గారి అయస్కాంతమూ

నాలుగు కాళ్ల జీవాలనూ రెండు కాళ్ల మనుషులనూ ఒకే చేత్తో పోషిస్తున్న దేవునికి స్తోత్రం. ముప్పై ఏళ్ల సర్కారు కొలువులో నాకు తన్నులు తక్కువగానూ అన్నం సరిపడానూ దొరికేలా చూసినందుకు ఆయనకు మరో స్తోత్రం. ఇక విషయానికి వస్తాను.

1969 జూన్‌లో నన్ను కోదాడ నుంచి సూర్యాపేట పశువైద్యశాలకు బదిలీ చేశారు. నా హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ ఉన్నా ఆ దవాఖానకు డాక్టరును నేనొక్కడినే. నా కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు. నా పైన నల్లగొండలో జిల్లా అధికారి. కోదాడలో ఉన్నన్నాళ్లూ ఎడ్లు, బర్రెలు తప్ప వేరే రోగులను పెద్దగా చూడలేదు. సూర్యాపేటలో వాటికి తోడు జట్కా గుర్రాలు కలిశాయి. బస్టాండు నుంచి గంజుకు, అంటే ధాన్యం మార్కెట్టుకు, మనుషులనూ మూటలనూ మోసేవి అవే.

జట్కా నడపాలంటే మునిసిపాలిటీ లైసెన్సు ఉండాలి. ఏటా దాన్ని కొత్తగా తీసుకునేటప్పుడు, గుర్రం పనికి తగి ఉందని పశువైద్యుడు సంతకం చేయాలి. కుంటే గుర్రానికి సంతకం పెట్టకూడదు. సంతకం లేకపోతే బండి వెనుక కొట్టిన నంబరు రేకు ఊడదీస్తారు. రేకు లేని బండి బస్టాండు దరిదాపుల్లోకి రాకూడదు.

నేను చేరిన రెండో నెలలో, ఒక ఆదివారం పొద్దున, మల్లయ్య అనే జట్కావాడు తన గుర్రాన్ని నడిపించుకుంటూ మా ఇంటి ముందుకు వచ్చాడు. గుర్రం పేరు మోతీ. ముందు కుడికాలు నేల మీద ఆనీ ఆననట్టు పెడుతోంది.

ఆ రోజు మా చర్చి సంఘంలో బైబిలు వాక్యం చదివే వంతు నాది. ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకొని గుమ్మంలో నిలబడ్డాను. గంట కొట్టడానికి పావుగంట ఉంది. అరుగు మీద నుంచే మోతీని నాలుగడుగులు నడిపించమన్నాను. డెక్కకు పైన, కాలి వెనుక కొంచెం వాపు కనిపించింది. వంగి, పంచె నేలకు తగలకుండా ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో ఆ వాపును తడిమాను. వేడిగా ఉంది.

"నరం బెణికింది," అన్నాను.

"సారు, బేస్తవారం నాడే కొత్త లాడాలు కొట్టిచ్చిన. గప్పటి సంది జర తేడాగ నడుస్తుంది. డెక్క ఒకపారి సూస్తరా?" అన్నాడు మల్లయ్య.

లాడాలు కొత్తవైతే డెక్కకు ఏం భయం అన్నాను. పూతమందు రాసి కట్టు కట్టమని చీటీ రాసిచ్చి, గుడికి నడిచాను. వాక్యం బాగా చదివానని ఆ రోజు పెద్దలు మెచ్చుకున్నారు కూడా.

కాలేజీలో మాకు నేర్పిన మొదటి నియమం ఇది: కుంటే గుర్రానికి ముందు కాలు ఎత్తి డెక్క చూడాలి, అనుమానం ఉంటే లాడం తీయించాలి, ఆ తర్వాతే పైకి వెళ్లాలి. ఆ నియమం నాకు తెలియక కాదు. కాలు ఎత్తాలంటే దాన్ని నా తొడల మధ్య ఇరికించుకోవాలి. ఆ తొడల మీద తెల్ల పంచె ఉంది.

మర్నాడు దవాఖానలో రిజిస్టరు తెరిచి "స్నాయువు బెణుకు" అని రాశాను. స్నాయువు అంటే కాలి వెనుక తాడులా ఉండే నరం. అది బెణికితే నెలల తరబడి నయం కాదు. మోతీకి రోజురోజుకూ కుంటు ఎక్కువవుతోందని మల్లయ్య వచ్చి చెబుతూనే ఉన్నాడు. నా మందు పనిచేయకపోవడం నా నిర్ణయం సరైనదనడానికి రుజువుగా నాకు తోచింది. మరుసటి సోమవారంతో అతని లైసెన్సు గడువు ముగుస్తుంది. శనివారం గుర్రాన్ని తీసుకురమ్మనీ, అప్పటికీ కుంటితే పనికిరాదని రాయక తప్పదనీ చెప్పాను. అతను జట్కా తప్ప వేరే పని ఎరుగడు.

వెళ్లి నాగభూషణం సేటు దగ్గర మొర పెట్టుకున్నాడు. సేటుకు గంజులో ధాన్యం దుకాణం, మిర్యాలగూడలో బియ్యం మిల్లు ఉన్నాయి. మిల్లులో వడ్లు పోసేచోట పెద్ద అయస్కాంతం ఒకటి ఉంటుంది. వడ్లతో పాటు వచ్చే మేకులూ ఇనుప ముక్కలూ యంత్రంలో పడకుండా దానికి అతుక్కుంటాయి. సేటు ఎక్కడో పత్రికలో అయస్కాంత వైద్యం గురించి చదివి, మిల్లులోని పాత అయస్కాంతం ఒకదాన్ని తెచ్చి తన మోకాలికి కట్టుకున్నాడు. ఏడాదిగా కట్టుకుంటున్నాడు. ఏడాదిగా కుంటుతున్నాడు. నమ్మకం మాత్రం కొంచెం కూడా కుంటుపడలేదు.

శనివారం పదిన్నరకు మోతీ, మల్లయ్య, సేటు ముగ్గురూ దవాఖానకు వచ్చారు. ముగ్గురిలో ఇద్దరు కుంటుతున్నారు. మోతీ కాలికి పాత తలపాగా గుడ్డతో సేటు అయస్కాంతం కట్టి ఉంది.

"డాక్టరు సారు, మూడు దినాలైంది కట్టి. రక్తం గుంజుతది. నొప్పి ఖతమైతది. మీ పుస్తకాల్ల ఉండదు గని," అన్నాడు సేటు.

"సేటు, మీరు ఏడాది సంది కట్టుకుంటిరి. మీ నొప్పి ఎందుకు ఖతమైతలేదు?" అని మల్లయ్యే అడిగాడు.

"నాది మనిషి మోకాలురా. వ్యాపారం చేసిన మోకాలు. పాపాలున్నయి, టైము వడ్తది. గుర్రానికేం పాపమున్నది? దీనికి జల్ది గుణమైతది."

పాపాల సంగతి వచ్చింది కాబట్టి నేనూ ఊరుకోలేదు. స్వస్థత దేవుడిచ్చేదనీ, ఇనుప ముక్కలను నమ్ముకుంటే లాభం లేదనీ చిన్న ప్రసంగం చేశాను. నేనిచ్చిన పూతమందు కూడా అప్పటికి ఆరు రోజులుగా ఏమీ చేయలేదన్న సంగతి ఆ ప్రసంగంలో రాలేదు.

మాట్లాడుతుండగానే గుడ్డ సడలి, అయస్కాంతం జారి, లాడానికి టక్కున అతుక్కుంది. మోతీ ఉలిక్కిపడింది. మల్లయ్య దాన్ని పీకి మళ్లీ పైన కట్టాడు. అది మళ్లీ జారి మళ్లీ టక్కుమంది. మూడు రోజులుగా ఇదే తంతు అట.

సేటు తీర్పు చెప్పాడు. "గీ లాడమే శక్తినంత తాగుతుంది. గందుకే గుణమైతలేదు. ముందుగల లాడం పీకియ్యాలె."

నాకు నవ్వొచ్చింది. కాగితం మీద "పనికిరాదు" అని రాయడానికి పెన్ను తీసినవాడిని, పది నిమిషాలు ఆగితే పోయేదేముందని ఒప్పుకున్నాను. అటెండరు వెళ్లి లాడాలు కొట్టే ఖాదర్‌ను పిలుచుకొచ్చాడు.

ఖాదర్ మోతీ కాలు ఎత్తి తొడల మధ్య పట్టుకొని, ఒక్కో మేకు పీకుతూ వచ్చాడు. రెండు మేకులు తేలిగ్గా వచ్చాయి. మూడోదానికి పట్కారు తగిలించగానే మోతీ కాలు లాక్కొని పక్కకు దూకింది. సేటు తన మోకాలు సంగతి మరిచి గేటు దాకా పరుగెత్తాడు. ముగ్గురం పట్టుకుంటే ఆ మేకు వచ్చింది. దాని వెంట నల్లటి చీము కారింది. వాసన దవాఖాన అరుగు దాకా కొట్టింది.

మేకు లాడం గుండా డెక్క పైపెంకులోకి మాత్రమే దిగాలి. పెంకులో నొప్పి తెలియదు. ఇది కొంచెం లోపలికి తిరిగి మాంసాన్ని తాకింది. మేము దాన్ని మేకుపోటు అంటాం. లోపల చీము పట్టి, వాపు పైదాకా ఎక్కింది. నేను ఆదివారం తడిమిన వాపు అదే.

ఖాదర్ ఆ మేకును అరచేతిలో పెట్టుకొని కాసేపు చూశాడు. తర్వాత, "డాక్టర్ సాబ్, గీ మేకు నేను కొట్టిందే. తప్పు నాది. మల్లన్నా, మాఫ్ చెయ్యి," అన్నాడు.

అందరూ ఖాదర్ వైపు చూశారు. నా వైపు ఎవరూ చూడలేదు. అక్కడితో ఊరుకుంటే తప్పంతా అతని ఖాతాలోనే ఉండిపోయేది. సంఘంలో ప్రతి ఆదివారం పాపాలు ఒప్పుకొమ్మని చదివే నోరు నాది. అది తెరుచుకోవడానికి మామూలు కన్నా ఎక్కువ సమయమే పట్టింది.

"మేకు ఖాదర్‌ది. ఆరు రోజులు దాన్ని లోపల ఉంచింది నేను. మల్లయ్య అడిగినా డెక్క చూడలేదు," అన్నాను.

"గా దినం మీరు తెల్లబట్టల మీదుంటిరి సారు," అన్నాడు మల్లయ్య, నన్ను కాపాడాలని. దాంతో విషయం పూర్తిగా బయటపడింది.

డెక్క అడుగు చెక్కి చీముకు దారి చేశాను. అయోడిన్ పోసి కట్టు కట్టి, ధనుర్వాతం రాకుండా సూది వేశాను. ఆ రోజు నా ఖాకీ ప్యాంటు మీద పడ్డ మరక తర్వాత ఎన్ని ఉతుకులకూ పోలేదు. కాగితం మీద "చికిత్సలో ఉంది, పదిహేను రోజుల తర్వాత తిరిగి పరీక్ష" అని రాసి మునిసిపాలిటీకి పంపాను. నియమాల్లో దానికి చోటుంది. పదిహేనో రోజున మోతీ కొత్త లాడంతో దవాఖాన చుట్టూ కుంటకుండా హుషారుగా తిరిగింది. సంతకం పెట్టాను. నంబరు రేకు ఊడలేదు.

రిజిస్టరులో తప్పు రాతను చెరపకూడదు. ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం చేయాలి. "మేకుపోటు. మొదటి పరీక్షలో కాలు ఎత్తి చూడలేదు" అని రాశాను. తనిఖీకి వచ్చిన జిల్లా అధికారి అది చదివి, ఎందుకు ఎత్తలేదని అడిగారు. చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొని, ఇకపై ఆదివారాలు కూడా ఖాకీలోనే ఉండమని నోటిమాటగా ఉత్తర్వు ఇచ్చారు.

అయస్కాంతంతో గుర్రాల కాళ్లు బాగవుతాయా అని ఇప్పటికీ కొందరు అడుగుతారు. గంజు అంతటా సేటు తన అయస్కాంతమే మోతీని నిలబెట్టిందని చెప్పుకున్నాడు. తర్వాతి ఏళ్లలో నేను అయస్కాంతం కట్టిన గుర్రాలను ఇంకొన్నింటిని చూశాను. విశ్రాంతి దొరికినవి కోలుకున్నాయి, దొరకనివి కోలుకోలేదు. అయస్కాంతం రెండింటికీ ఉంది. అది నొప్పిని లాగగా నేను చూడలేదు. కానీ మోతీ విషయంలో, చదువుకున్న నేను తీయించని లాడాన్ని అది తీయించింది. అందుకే సేటు మాటను నేను ఏనాడూ గట్టిగా ఖండించలేకపోయాను.

నేర్చుకున్నది ఇంతే: కుంటే జంతువును చూసేటప్పుడు ముందు కాలు ఎత్తాలి. ఒంటి మీద ఏ బట్టలున్నా ఎత్తాలి.

చదివినవారు నాతో పాటు ఒక్క నిమిషం తల వంచండి. ప్రభువా, పని చేతికి వచ్చిన రోజున మా బట్టల మీద కన్నా ఎదుట నిలబడ్డ జీవం మీద మాకు ఎక్కువ ధ్యాస ఇవ్వు. మా తప్పును ఇంకొకరు ముందుగా ఒప్పుకునేదాకా మమ్మల్ని ఆగనీయకు. సేటు గారి మోకాలును కూడా జ్ఞాపకం చేసుకో. ఆమేన్.